వీపు మాస్టారు

పేటకు కొత్తగా వచ్చినవాళ్ళు జక్రయ్యగారి ఇల్లెక్కడని అడిగితే జనం తెల్లమొహం వేసేవాళ్ళు. మిషన్ బళ్ళో డ్రిల్లు మాస్టారండీ అంటే కాసేపు ఆలోచించేవాళ్ళు. వీపు మాస్టారు అంటే మాత్రం సోడా బండివాడు సైతం బండి వదిలేసి సందు మలుపు దాకా తోడొచ్చి చూపించేవాడు. ఆ పేరు బడిపిల్లలు పెట్టింది కాదు. ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వచ్చే పెద్దమనుషులు పెట్టింది. అందుకే ఊడిపోలేదు.

ఆ పేరు వెనక ఒక రూలుంది. మిషన్ వాళ్ళ బేతేలు కాంపౌండు మైదానంలో ఏటా ఈస్టరు వెళ్ళిన వారం ఫుట్‌బాల్ పోటీలు జరిగేవి. గెలిచిన జట్టుకు చాటంత వెండి షీల్డు. ఆ పోటీలు మొదలుపెట్టిన దొర ఎప్పుడో ఓడెక్కి వెళ్ళిపోయాడు గానీ, పోతూ పోతూ ఈ రూలు వదిలిపోయాడు. ఆటగాడు తప్పు చేసి రిఫరీ చేత బయటికి గెంటించుకుంటే, వాడికి పూచీ పడ్డ పెద్దమనిషి కూడా వాడితోపాటు మైదానం చుట్టూ కట్టిన తాడు బయటికి నడవాలి. నడిచి, ఆట ముగిసేదాకా మైదానానికి వీపు పెట్టి నిలబడాలి. కుర్రాడు చెడితే పెంచినవాడికి సిగ్గుండాలని దొర ఉద్దేశం కాబోలు. ఆయన కట్టించిన బడి గోడలు కూలితే మళ్ళీ కట్టుకున్నారు గానీ, ఈ రూలు నుంచి మాత్రం సున్నం పెచ్చు కూడా రాలలేదు.

ఏ జట్టుకైనా పూచీ కోచ్‌దే. బేతేలు జట్టుకు కోచ్ జక్రయ్య. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చర్చికి వెళ్ళినా మెళ్ళో విజిలు తీసేవాడు కాదు. ప్రార్థనలో కళ్ళు మూసుకుని తల వంచితే అది ముందు బెంచీకి తగిలి టక్కుమనేది. వయసులో ఉన్నప్పుడు ఆయనా ఆడాడు. దొర ఆయన్ను బ్యాకులో నిలబెట్టి, మైదానం మధ్య సున్నంతో గీసిన సెంటరు గీత చూపించి, దీన్ని దాటకు అన్నాడట. దాటలేదు. అటువైపు గోలు ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూడకుండానే ఆయన ఆట ముగిసిపోయింది. తర్వాత తను కోచ్ అయ్యాక తన జట్టు బ్యాకులకూ అదే చెప్పాడు. వాళ్ళలో చర్చి గంట కొట్టే ప్రేమదాసు ఒకడు. ప్రేమదాసు కాలు ఆ గీత మీద పడబోతే చాలు, "గీతరా దాసూ, గీత!" అని తాడు దగ్గర్నుంచి జక్రయ్య కేక వేసేవాడు. ప్రేమదాసు నిప్పు తొక్కినట్టు వెనక్కి వచ్చేవాడు.

ఇంత క్రమశిక్షణ ఉన్న మనిషికి వీపు మాస్టారనే పేరెందుకొచ్చిందంటే, అదంతా జాన్ బాషా పుణ్యం.

జాన్ బాషా దూదేకులవాళ్ళ పిల్లాడు. తండ్రి విల్లు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి పరుపుల్లో దూది ఏకేవాడు. ఆయన పోయాక ఆ విల్లు వీడి భుజానికొచ్చింది. ఊళ్ళో దూది ఏకే మిషను వచ్చాక ఆ విల్లుకి పని తగ్గిపోయింది. తల్లి జైతున్‌బీ మిరప కల్లాల్లో తాలు కాయలు ఏరడానికి కూలికి పోయేది. ఇంట్లో ఉన్నది ఇద్దరే, ఆ ఇద్దరికీ రోజూ పొయ్యి వెలుగుతుందన్న నమ్మకం లేదు. కానీ బంతి కాలికి తగిలిందంటే వీడు వేరే మనిషి. అటూ ఇటూ ఇద్దరు ముగ్గురు మీదపడుతున్నా, వాళ్ళ మధ్య నుంచి దారి తెలిసినవాడిలా వెళ్ళిపోయేవాడు. వీడు వచ్చాకే, షీల్డు మొహం చూడని బేతేలు జట్టు ఈసారి మనదేనంటూ ఏటా చెప్పుకోవడం మొదలుపెట్టింది.

చెప్పుకోవడమే. ఎందుకంటే ఆట బాగా సాగుతుండగా వీడు ఏదో ఒకటి చేసేవాడు. ఒకసారి ఎదుటివాడి బనీను పట్టుకుని చింపాడు. ఒకసారి రిఫరీ విజిలు వేస్తే, ఎందుకు వేశావని అడిగి, చెప్పినా వినకుండా ఆయన వెంటపడి మైదానమంతా తిరిగాడు. ఎక్కువసార్లు మాత్రం బంతిని బలమంతా పెట్టి పక్కనున్న మిరప కల్లంలోకి తన్నేవాడు. ఈస్టరు రోజుల్లో కల్లం నిండా ఎర్రగా కాయలు ఆరబోసి ఉంటాయి. అందులో పొర్లి వచ్చిన బంతిని పట్టుకున్న గోల్‌కీపరు చేత్తో మొహం తుడుచుకున్నాడంటే ఇక ఆ పూట వాడికి కళ్ళు తెరుచుకోవు. వీడు బయటికి, వీడి వెనకే జక్రయ్యా బయటికి. ఏటా అదే తంతు.

"ఎందుకు తన్నావురా?" అని అడిగేవాడు జక్రయ్య, ఇంటికి పోయే దారిలో.

"తెలవదు మాస్టారూ."

"తెలవకుండా కాలెలా లేస్తదిరా?"

"నాకూ అదే తెలవట్లా."

అబద్ధమాడుతున్న మొహం కాదది. అదే జక్రయ్యను మరీ తికమక పెట్టేది. పొగరున్నవాణ్ణి వంచొచ్చు. బద్ధకమున్నవాణ్ణి పరిగెత్తించొచ్చు. వీడు మైదానం చుట్టూ పరిగెత్తమంటే నవ్వుతూ పరిగెత్తేవాడు, బెత్తంతో కొడితే చెయ్యి చాపేవాడు. ఇంటికి తీసుకెళ్ళి భార్య రెబ్కా చేత కడుపునిండా అన్నం పెట్టించి నీతులు చెబితే, అన్నమంతా తిని నీతులన్నిటికీ తలూపేవాడు. మళ్ళీ ఏడు పోటీలో బంతి కల్లంలో పడేది.

"మీరు చెప్పేది వాడి చెవుల దాకా పోతంది. అక్కణ్ణుంచి కాళ్ళకు దారి లేదు" అనేది రెబ్కా, కంచం తీస్తూ.

"మరి నేను సరిగ్గా చెప్పట్లేదా? ఇంకోలా చెప్పాలా?"

"నాకేం తెలుసండీ. కోచ్ మీరా నేనా?"

నిజమే, కోచ్ తనే. తప్పు పిల్లాడిదా, తనదా, ఇద్దరిదీనా? రాత్రుళ్ళు మంచం మీద అటూ ఇటూ దొర్లి ఇదే ఆలోచించేవాడు పాపం. ఊళ్ళో జనం మాత్రం ఆలోచించే పని పెట్టుకోలేదు. వీపు మాస్టారని పేరు పెట్టేసి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

ఎనభై ఆరు ఈస్టరు ఆయనకు ఆఖరిది. ఆ వేసవితో ఉద్యోగం ముగుస్తుంది, కాంపౌండులో ఇచ్చిన ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోవాలి. షీల్డు ఒక్కసారి చేత్తో పట్టుకుని మరీ వెళ్ళాలని ఆయన కోరిక. పైకి అనలేదు గానీ, బళ్ళో బల్లలకు కూడా ఆ సంగతి తెలుసు.

ఆ సంక్రాంతి దాటాక ఒకనాడు స్పిన్నింగ్ మిల్లు మేనేజరు వీరరాఘవయ్య స్కూటరు మీద వచ్చాడు. మిల్లుకు కూడా జట్టుంది, దానికి కోచ్ ఆయనే, షీల్డు చాలాసార్లు వాళ్ళదే. ఆయన అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, నేరుగా అసలు మాటలోకి దిగాడు.

"మాస్టారూ, మీ బాషాని మాకివ్వండి. మిల్లులో పని ఇస్తా. బదులుగా మా ఆదాంని తీసుకోండి."

ఆదాం మిల్లు జట్టు గోల్‌కీపరు. పెద్ద చేతుల మనిషి, నెమ్మదస్తుడు. మేనేజరు బావమరిది కొడుక్కి గోలులో నిలబడాలని సరదా పుట్టడంతో ఆదాంకి చోటు లేకుండా పోయింది. బేతేలు జట్టుకేమో గోల్‌కీపరే లేడు. ఉన్నవాడు బంతి వస్తుంటే కళ్ళు మూసుకునేవాడు.

గోలు కాపాడేవాడు వస్తున్నాడు, గోలు కొట్టేవాడు పోతున్నాడు. తలుపు కొనుక్కుని గోడ అమ్ముకున్నట్టుగా తోచింది జక్రయ్యకు. ఆ మాట అందామనుకుని, పిల్లాడికి ఉద్యోగం వస్తుంటే అడ్డం పడడానికి నువ్వెవరివని తనను తనే తిట్టుకున్నాడు. సాయంత్రం జైతున్‌బీ తనే వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతులింకా మిరప రంగులో ఉన్నాయి.

"మిల్లు పనంట గదా మాస్టారూ. నెల జీతం ఉంటదంట. పంపిస్తారా?"

"పంపించక ఏం చేస్తానమ్మా" అన్నాడు జక్రయ్య.

ఆ ప్రాంతపు జట్లలో ఒక ఆటగాడు ఒక చోటి నుంచి ఇంకోచోటికి పోతుంటే అప్పగింత చేయడం ఆనవాయితీ. పెళ్ళిలో అప్పగింతల లాంటిదే, ఏడుపు కొంచెం తక్కువ. పాత కోచ్ కుర్రాడి చెయ్యి పట్టుకుని కొత్త కోచ్ చేతిలో పెట్టాలి. నలుగురు పెద్దలు చూడాలి. ఆదివారం ఆరాధనయ్యాక చర్చి వసారాలో పాస్టరు క్రీస్తుదాసు అయ్యగారు ఇద్దరికీ కలిపి ప్రార్థన చేశారు. ఆదాం ఇటొచ్చాడు. జాన్ బాషా అటు పోవాలి. వీరరాఘవయ్య చెయ్యి చాపినవాడల్లా మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"వీడి కాలు నాకు తెలుసు. వీడి తిక్కా తెలుసు. రేపు ఏదన్నా అయితే పూచీ ఎవరిది?"

జైతున్‌బీ జక్రయ్య వంక చూసింది.

"నాదేనండీ. వీడి మంచీ చెడ్డా నాదే" అన్నాడు జక్రయ్య. అప్పగింతల్లో ఆడపిల్ల తండ్రి లక్ష అంటాడు, ఎవరు పట్టించుకుంటారు? ఆయనా అలాగే అన్నాడు. వీరరాఘవయ్య చెయ్యి చాపాడు. జాన్ బాషా చెయ్యి ఆ చేతిలో పెట్టేటప్పుడు జక్రయ్యకు దుఃఖం ఆగలేదు. తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అదేమిటి మాస్టారూ, సందవతలే గదా మిల్లు అని నలుగురూ నవ్వారు. జాన్ బాషా మాత్రం నవ్వలేదు.

తర్వాత ఏం జరిగిందంటే, జక్రయ్య బుర్రకు అందనిదే జరిగింది. మిల్లుకు వెళ్ళిన జాన్ బాషా బుద్ధిమంతుడైపోయాడు. వేళకు గేటు దగ్గర ఉండేవాడు. ఆటలో విజిలు మోగితే చేతులు కట్టుకుని నిలబడేవాడు. పోటీల్లో అటుపక్క జట్లన్నిటినీ మిల్లు దున్నేసింది. పడ్డ ప్రతి గోలూ వాడిదే, తిక్క ఒక్కసారి కూడా బయటపడలేదు. తాడు పక్కన నిలబడి చూస్తున్న జక్రయ్యకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. తన దగ్గర ఇన్నేళ్ళు వంగనివాడు అక్కడ రెండు మూడు నెలల్లో దారికొచ్చాడంటే, తప్పు వాడిదెలా అవుతుంది?

"తప్పు నాదేనన్నమాట" అన్నాడు రెబ్కాతో.

"జీతం వస్తే ఎవరైనా మారతారండీ" అంది రెబ్కా.

ఆ జవాబు ఆయనకు సగమే నచ్చింది.

ఇటుపక్క బేతేలు జట్టు సంగతి ఇంకా విచిత్రం. గోలు కొట్టేవాళ్ళు లేరని ఊరంతా పెదవి విరిచింది. కానీ ఆదాం చేతుల్లోంచి ఒక్క బంతీ జారలేదు. పొన్నూరు జట్టు మీద ఎవరి మోకాలికో తగిలి బంతి లోపలికి పోయింది, గెలిచారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల జట్టు మీద ఆట చివర్లో ఎవడో కాలు జారి పడుతూ తన్నింది గోలైంది, మళ్ళీ గెలిచారు. ఎలా గెలుస్తున్నారో కోచ్‌కే అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే దేవుడి దయ అని చెప్పి, తర్వాత ఆ మాట నిజమేనా అని తనే అనుమానించేవాడు. చూస్తుండగానే ఫైనలు వచ్చింది. బేతేలుకూ మిల్లుకూ.

ఫైనలు రోజు ఎండ తగ్గకముందే మైదానం నిండిపోయింది. పోటీలు మొదలైన రోజే కమిటీవాళ్ళు మైకులో ఒక మాట గట్టిగా చెప్పారు. కావాలని బంతిని మిరప కల్లంలోకి తన్నినవాడు నేరుగా బయటికే. ఆ మాట ఎవరి కోసమో అందరికీ తెలుసు. అందరూ జాన్ బాషా వంక చూసి నవ్వారు, వాడూ నవ్వాడు.

ఆట బిగువుగా సాగింది. రెండు వైపులా గోలు లేదు. రెండో సగంలో కొంత ఆట గడిచాక మిల్లు వాళ్ళ బంతి జాన్ బాషాకి అందింది. ఇద్దరిని తప్పించుకున్నాడు. ఆదాం ముందుకు వచ్చి మీద దూకితే, వాణ్ణీ పక్కకు తప్పుకుని దాటేశాడు. ఎదురుగా ఖాళీ గోలు. పసిపిల్లాడు తోసినా పడుతుంది. తాడు దగ్గర జక్రయ్య కళ్ళు మూసుకోబోయి, మూసుకోలేకపోయాడు.

జాన్ బాషా ఆగాడు. తలెత్తి ఒకసారి తాడు వైపు చూశాడు, జక్రయ్య ఉన్న వైపే. అప్పుడే బేతేలు జనంలోంచి ఎవడో, "దూదేకుకోరా పోయి!" అని అరిచాడు. అంతే. వాడు బంతిని పక్కకు తిప్పి, ఉన్న బలమంతా పెట్టి తన్నాడు. బంతి గోలు పక్కనుంచి, జనం నెత్తి మీదుగా లేచి వెళ్ళి మిరప కల్లం నడిమధ్య పడింది. ఎర్రటి దుమ్ము లేచింది.

మైదానం గోలగోలైపోయింది. రిఫరీ విజిలు వేసి చెయ్యి బయటికి చూపించాడు. కమిటీ పెద్దగా పాస్టరుగారు లేచి, "పూచీ ఎవరిది?" అని అడిగారు. వీరరాఘవయ్య కుర్చీలోంచి కదల్లేదు. వేలు మాత్రం జక్రయ్య వైపు చూపించాడు.

"వసారాలో అందరూ విన్నారు. వాడి మంచీ చెడ్డా నాదే అన్నారు మాస్టారు."

బేతేలు జనం కొట్లాటకు వచ్చారు. ఎదుటి జట్టువాడు తప్పు చేస్తే మన కోచ్ బయటికి పోవడమేమిటి, ఏ దేశపు న్యాయమిది! పాస్టరుగారు జక్రయ్యను పక్కకు పిలిచారు.

"జక్రయ్యా, నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. ఆ రోజు ఏదో మాటవరసకి అన్నావు. వాడిప్పుడు వాళ్ళ బనీను వేసుకున్నాడు. కాదు అను, నేను చూసుకుంటా."

జక్రయ్య కాదు అందామనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. ఈలోగా వీరరాఘవయ్య లేచి దగ్గరికొచ్చి, జనానికి వినపడకుండా మెల్లగా అన్నాడు.

"మాస్టారూ, గోలులో ఎవరూ లేరు. వీడు బంతి తీసుకుపోయి మిరపకాయల్లో పోశాడు. ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వీడు మావాడే అయితే నేను బయటికి పోతా, నాకేం నామోషీ లేదు. కానీ మా జీతం తింటూ మాకే ఎగనామం పెట్టినవాడికి రేపు మిల్లు గేటు తియ్యం. మీవాడే అంటారా, పాపం ఇంకా పాత మనసు పోలేదులే అని సర్దుకుంటా. ఎవరివాడో మీరే చెప్పండి."

జక్రయ్య తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. ఎందుకో మీకూ తెలుసు అంటున్నాడే, తనకేం తెలుసు? పిల్లాడు తన కోసం గోలు వదిలేశాడా? ఆ అరుపు విని తిక్కరేగి తన్నాడా? ఎప్పట్లాగే కాలు అలా పోయిందా? ఏదని చెప్పాలి? దూరంగా జాన్ బాషా తల వంచుకుని నిలబడి ఉన్నాడు. జక్రయ్య వాడి దగ్గరికి నడిచాడు.

"కావాలని చేశావా?"

"తెలవదు మాస్టారూ."

"ఇప్పుడైనా నిజం చెప్పరా. నేను ఏదో ఒకటి చెప్పాలి వాళ్ళకి."

"నిజంగానే తెలవదు మాస్టారూ" అన్నాడు వాడు.

ఈవైపు తన జట్టు నిలబడి ఉంది. పదకొండు మంది, ఎదుట పదిమంది. జీవితంలో మొదటిసారి షీల్డు చేతికందే దూరంలో ఉంది. తను తాడు దగ్గర ఉండి కేకలు వేస్తే చాలు, ప్రేమదాసు గీత దాటకుండా ఉంటే చాలు. ఆవైపు కల్లంలో కూలివాళ్ళ మధ్య జైతున్‌బీ లేచి నిలబడింది. జక్రయ్య ఆమెను చూడకుండా ఉంటే బాగుండేది. చూశాడు.

"పూచీ నాదే అయ్యగారూ" అని పాస్టరుగారితో చెప్పాడు. విజిలు తీసి జేబులో వేసుకుని తాడు దాటాడు.

మైదానానికి వీపు పెడితే ఎదురుగా ఉండేది ఆ కల్లమే. తాలు కాయలు ఏరే ఆడవాళ్ళు పని మానేసి, జక్రయ్య భుజాల మీదుగా ఆట చూస్తుంటారు. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ వాళ్ళ మొహాలు చూసి ఆట ఎటు పోతోందో కొంత పోల్చుకునేవాడు. ఇవాళ అదీ కుదరలేదు. సగంమంది కాంపౌండు వాళ్ళు, సగంమంది మిల్లు వెనక గుడిసెల వాళ్ళు. ఒకామె చప్పట్లు కొడితే పక్కనామె నోరు నొక్కుకుంది. వెనక బూటు చప్పుళ్ళు, అరుపులు, విజిళ్ళు. గాలికి ఘాటు లేచి కళ్ళు మండాయి. ఎటువాళ్ళు ఎటు పోతున్నారో, తన జట్టు నిలబడి ఉందో పరుగెత్తుతోందో ఏమీ తెలియలేదు.

జాన్ బాషా వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆటగాడికి వీపు తిప్పే రూలు లేదు, వాడు చూడొచ్చు. కాసేపు చూసి మెల్లగా మొదలుపెట్టాడు.

"మాస్టారూ, మనవాళ్ళు కంగారు పడుతున్నారు. ఆదాం బానే ఉన్నాడు. మా ఎడం పక్కవాడికి కాలు పట్టేసింది. అటునుంచి పొమ్మని కేక వేస్తే..."

"నోర్ముయ్!"

జాన్ బాషా బిక్కచచ్చిపోయాడు. జక్రయ్య అంత గట్టిగా వాణ్ణి ఎప్పుడూ కసరలేదు.

"ఒంటి మీద బనీను ఎవరిదిరా? వాళ్ళ గుట్టు నాకు చెబుతావా? నువ్వు వాళ్ళ మనిషివి. నేనిక్కడ నిలబడ్డది నువ్వు రేపు ఆ గేట్లోకి పోవాలని. ఒక్క ముక్క చెప్పావంటే మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దు."

"మరి మీకెట్టా తెలుస్తది మాస్టారూ?"

"నాకు తెలవనక్కర్లేదు."

అన్నాడే గానీ, తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది. ఒక్కసారి మెడ తిప్పితే పోయేదేముంది? దొర చూస్తాడా? జాన్ బాషా ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే వాడూ ఇటు తిరిగి, మైదానానికి వీపు పెట్టి, చేతులు కట్టుకుని ఆయన పక్కనే నిలబడ్డాడు.

అలా ఎంతసేపు నిలబడ్డారో. ఉన్నట్టుండి వెనక పెద్ద కేక లేచింది. మైదానం మొత్తం ఒక్కసారి అరిచినట్టుంది. కల్లంలో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. కొందరు ఎగిరారు, కొందరు నెత్తి కొట్టుకున్నారు. ఎవరు ఎటువాళ్ళో ఆ గందరగోళంలో జక్రయ్యకు గుర్తు రాలేదు. జైతున్‌బీ మొహంలో చూద్దామంటే ఆమె ఆటే చూడడం లేదు. కొడుకునే చూస్తోంది. జక్రయ్య కాళ్ళు భూమిలో పాతుకున్నట్టు నిలబడ్డాడు. పక్కన జాన్ బాషా పళ్ళు బిగించి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇద్దరిలో ఒక్కరూ తిరగలేదు.

ఆఖరి విజిలు పడ్డాక తిరిగారు. బేతేలు కుర్రాళ్ళు ఎవర్నో భుజాల మీద ఎత్తుకుని పరుగెత్తుకొస్తున్నారు. దగ్గరికొచ్చాక తెలిసింది, ప్రేమదాసు. బ్యాకులో ఉండాల్సిన ప్రేమదాసు!

"గోలెవరు కొట్టారు?" అన్నాడు జక్రయ్య.

"దాసుగాడే మాస్టారూ!" అన్నాడు ఆదాం, ఆయాసపడుతూ. "నా దగ్గర్నుంచి బంతి తీసుకుని పోయాడు, పోతానే ఉన్నాడు. గీత దాటాడు, ఆగుతాడేమో అనుకున్నాం. ఆగలా. ఒక్కడే పోయి కొట్టేశాడు."

ప్రేమదాసు భుజాల మీద నుంచి భయంభయంగా చూశాడు. "మీ కేక వినపళ్ళేదు మాస్టారూ. వినపడితే ఆగేవాణ్ణే" అన్నాడు, క్షమాపణ చెప్పుకుంటున్నట్టు.

జక్రయ్య జేబులో విజిలు తడుముకున్నాడు. తను తాడు దగ్గర ఉంటే కేక వేసేవాడు. దాసు వెనక్కి వచ్చేవాడు. గోలు ఉండేది కాదు. షీల్డు ఉండేది కాదు. ఇన్నేళ్ళు తను కాపాడింది జట్టునా, గీతనా? చేతిలో షీల్డు పెట్టారు. చల్లగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఏడుపొచ్చింది. మిరప ఘాటని ఎవరో అన్నారు గానీ, ఘాటేమీ కాదు, ఏడుపే. వీరరాఘవయ్య దూరం నుంచి ఒకసారి చూసి, స్కూటరు తిప్పుకుంటూ జాన్ బాషాతో, "రేపు పొద్దున షిఫ్టుకు రా" అని మాత్రం అన్నాడు.

ఉద్యోగం ముగిశాక జక్రయ్యా రెబ్కా పేట శివార్లలో చిన్న పెంకుటింట్లో ఉన్నారు. జాన్ బాషా మిల్లులో పర్మనెంటు అయ్యాడు. షిఫ్టు దిగి ఇంటికి పోతూ దాదాపు రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేవాడు, రెబ్కా పెట్టింది తినేవాడు. కొత్త కుర్రాళ్ళు వచ్చి, ఆ ఫైనలు గోలు ఎలా పడిందో చెప్పండి మాస్టారూ అని అడిగేవాళ్ళు. ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారట. కుడికాలితోనని ఒకరు, కాదు ఎడమకాలితోనని ఇంకొకరు. కొట్టిన ప్రేమదాసుకే సరిగా గుర్తు లేదు.

"నేను చూళ్ళేదు నాయనా" అనేవాడు జక్రయ్య. "వీణ్ణడగండి. వీడికి చూసే వీలుంది."

"నేనూ చూళ్ళేదు" అనేవాడు జాన్ బాషా. "మాస్టారు చెప్పొద్దన్నారుగా, ఇక చూసి ఏం చేసేది."

కుర్రాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. జక్రయ్య మాత్రం జాన్ బాషా వంక కాసేపు అలాగే చూసేవాడు. మైదానంలో ఇన్నేళ్ళలో వాడు తన మాట విన్నది ఆ ఒక్క పూటే. వినకుండా ఉంటే ఆ గోలు సంగతి ఇద్దరిలో ఒకరికైనా తెలిసి ఉండేది. విన్నందుకు మెచ్చుకోవాలో తిట్టాలో ఆయనకు చివరిదాకా తేలలేదు. "ఇంకో ముద్ద పెట్టవే వీడికి" అని రెబ్కాకి కేక వేసేవాడు.